కళ్లు మూసుకునే డాక్టరు

మా యూనివర్సిటీ హెల్త్ సెంటర్లో ఒక పెద్ద డాక్టరుగారు ఉండేవారు. రోగిని ముట్టుకునే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుని పెదవులు కదిలించేవారు. నేను పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు మెడ మీద గడ్డ లేచింది. చూపించుకోవడానికి వెళ్తే నాకూ అలాగే చేశారు. తన చదువు మీద తనకే నమ్మకం లేదేమో అనిపించింది. తార్నాకలో బయాప్సీ చేయించుకోమంటే, తెలిసిన ఆస్పత్రికి తోలుతున్నారేమోనని కూడా అనుమానం వచ్చింది.

ఉండబట్టలేక అడిగేశాను. "దేవుడి మీద భారం వేస్తున్నారా సార్? మందుల మీద నమ్మకం లేదా?"

ఆయనకు కోపం రాలేదు. "మందుల మీద ఉన్నది బిడ్డా. నా చెయ్యి మీదనే డౌటు. ఏదన్న మిస్ కావొద్దని మొక్కుకుంట."

దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది. నల్లకుంటలో మరో డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన గడ్డను సరిగా తడమకుండానే "కొవ్వు గడ్డ, ఏం కాదు" అన్నాడు. ఎందుకో ఆ మాట అసలు నమ్మబుద్ధి కాలేదు. తార్నాక వెళ్లి బయాప్సీ చేయించుకున్నాను.

రిపోర్టు తెచ్చిస్తే పెద్ద డాక్టరుగారు మళ్లీ మళ్లీ చదివారు.

"టీబీ గడ్డ బిడ్డా. మందులు వాడితే పోతది. నేను ఇంకేందో అనుకొని మస్తు భయపడ్డ" అంటూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

మా అమ్మ కాకుండా నా కోసం అంత భయపడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.