పగులు కింద కుర్చీ

ఆ గ్రంథాలయం అటెండరుని అందరూ సిమెంటు తాత అంటారు. మీసాలు రాని వయసులో ఈ భవనానికే సెంట్రింగ్ చెక్కలు బిగించాడు. రంగు ఎరగని కాంక్రీటు గోడల మీద ఆ చెక్కల గీతలు ఇంకా ఉన్నాయి. పొద్దున్నే తలుపు తీయగానే వాటిని ఆవు గంగడోలు దువ్వినట్టు దువ్వుతాడు. "ఇదేం గోడౌను, కూల్చేస్తే పీడా పోతుంది" అని ఎవరన్నా నోరు జారితే మూడు రోజులు వాళ్ల చేతికి పేపరు అందదు. పైకప్పులో మాత్రం ఒక పగులుంది. భవనం పరీక్షించడానికొచ్చిన ఇంజినీరు దానికి అడ్డంగా ఓ గాజుపలక అంటించి, తేదీ రాసి, "ఇది విరిగిందంటే పగులు పెరుగుతోందన్నమాట. ఇక కూల్చడమే" అని చెప్పి వెళ్లాడు. అప్పట్నించి తాత రోజూ నిచ్చెనెక్కి దాని దుమ్ము తుడుస్తున్నాడు.

నిన్న ఇంజినీరు మళ్లీ వచ్చాడు. పలక చెక్కుచెదరలేదు. "గట్టిదే తాతా నీ బిల్డింగు! కూల్చక్కర్లేదని రాసేస్తా" అన్నాడు. తాత నవ్వబోయి దగ్గాడు. నాలుగు రోజుల కిందట రెండు ముక్కలైన అసలు పలక ఆయన జేబులోనే ఉంది. అదే తేదీ, అవే వంకర అంకెలు వేసి కొత్తది అంటించింది ఆయనే. ఇంజినీరు గేటు దాటగానే, పగులు కిందున్న బల్లనీ, దాని చుట్టూ చదువుకుంటున్న పిల్లల్నీ అవతలి గోడ పక్కకి మార్చాడు.

"ఎందుకు తాతా? ఇక్కడైతే వెలుతురు బాగుంటుంది కదా" అని ఒకమ్మాయి గునిసింది.

"చెప్పినట్టు విను తల్లీ."

ఖాళీ అయిన చోట తన కుర్చీ వేసుకుని పేపరు విప్పాడు. పైకి మాత్రం చూడలేదు.