మిగతాది తెలిసిందే

మా తోటికోడలు నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అక్కా అంటాను. ఆవిడ నన్ను మామూలుగా చిన్నా అంటుంది, కోపం వస్తే టైపుపిల్లా అంటుంది. వీధి చివర జిరాక్స్ షాపులో టైపు చేస్తాను కాబట్టి ఆ బిరుదు. ఆవిడ మా ఇంటి ముందుగదిలో ఇరవై రెండేళ్ళుగా బట్టలు కుడుతోంది. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది గానీ ఆవిడ దాన్ని వాడగా నేను చూసింది తక్కువ. గుమ్మంలోకి వచ్చిన మనిషిని పైనుంచి కిందికి ఒక్క చూపు చూస్తుంది, కొలత అయిపోయినట్టే. ఏడో తరగతితో బడి మానేసింది. ఆవిడ కాగితం మీద పెట్టే రాత ఒక్కటే, బట్ట ఎవరిదో చీటీ. అది కూడా "కళ్ళజోడు మేష్టారు", "రెండో వీధి పొడుగాయన" అని ఉంటుంది.

అలాంటి మనిషిని రాతకోతల్లోకి దింపింది నేనే. ఒప్పుకుంటున్నాను.

అక్క కుట్టేవాటిలో భుజం చొక్కా అని ఒకటుంది. భుజం విరిగినవాళ్ళకీ, ఆపరేషన్ అయినవాళ్ళకీ కుడుతుంది. ముందువైపు నిలువునా తెరుచుకుంటుంది. నొప్పి ఉన్న పక్కన నడుము నుంచి చంక మీదుగా చేతి చివరిదాకా కూడా తెరుచుకుంటుంది. బాగున్న చెయ్యి దూర్చి, రెండో పక్కను శాలువాలా భుజం మీద వేసుకుని, తెరిచి ఉన్నచోటల్లా నాడాలు కట్టుకోవాలి. చెయ్యి ఎత్తే పనే లేదు. ఆసుపత్రి నర్సమ్మ ఒకావిడ ఈ చొక్కా కోసం మనుషుల్ని మా ఇంటికి పంపుతుంటుంది. వేరే ఊళ్ళవాళ్ళు కూడా అడుగుతున్నారు, ఎక్కడైనా రాసి పెట్టకూడదా అని ఆవిడే ఒకరోజు అంది. నేను వెంటనే తగులుకున్నాను. ఆన్‌లైన్లో కుట్టుపని చేసేవాళ్ళ సంఘం ఒకటి ఉంది, అక్కడ పెడదాం, నువ్వు చెప్పు నేను టైపు చేస్తాను అన్నాను.

ఆదివారం పొద్దున పెట్టాం. ముందు నేను రాసిన పరిచయం. అక్క చేతిలో సూది మంత్రదండం అనీ, ఆవిడ సేవ వెలకట్టలేనిదనీ పద్దెనిమిది లైన్లు దంచాను. దాని కింద అక్క చెప్పిన పద్ధతి ఆరే లైన్లు. కాలరు మామూలుగా పెట్టాలి, చంక దగ్గర కాస్త వదులు ఉంచాలి, పక్కన తెరిచిన చోట జానెడుకో నాడా కుట్టాలి, అంచులన్నీ మడిచి కుట్టేయాలి, ఇలాగ. ఆఖరి లైను, మిగతాది తెలిసిందే.

గంట తిరక్కుండా నా పద్దెనిమిది లైన్లూ ఎగిరిపోయాయి. ఆ సంఘంలో రాతలు చూసే పెద్దమనిషి ఒకడున్నాడు, పేరు సూదిబెజ్జం. అసలు పేరేమిటో, ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. పొగడ్త కొలత కాదు అని ఒక్క ముక్క రాసి మొత్తం కోసేశాడు. ఆరు లైన్ల మీద మాత్రం ప్రశ్నలు వరసగా పెట్టాడు. కాస్త అంటే ఎన్ని అంగుళాలు? జానెడు అన్నారు, ఎవరి జానెడు? చివరిది నాకే గుచ్చుకుంది, అయినా చదివి వినిపించాను.

"మిగతాది తెలిసిందే అని రాశారు. ఎవరికి?"

అక్క మిషను ఆపి ఆలోచించింది. కుట్టేవాళ్ళకి తెలియదా ఏమిటి అని గొణిగి మళ్ళీ తొక్కింది. నాకైతే ఒళ్ళు మండిపోయింది. పద్దెనిమిది లైన్లండీ, ఉత్త పుణ్యానికి పోయాయి.

అప్పుడు కూర్చుని ఆ సంఘం నియమాలు చదివాను. ముందే చదవొచ్చు కదా అంటారు, నిజమే, సంతకం పెట్టేముందు కాగితం చదివేవాళ్ళెవరు చెప్పండి. కాస్త, కొద్దిగా, తగినంత, మామూలుగా, ఈ మాటలు ఎక్కడా కనపడకూడదట. ఒక మెట్టులో ఒక్క పనే చెప్పాలట. కొత్తగా రాసింది పచ్చివి అనే గదిలో ఉంటుంది. మనకి ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరో మన రాత ఒక్కటే పట్టుకుని కుట్టి చూపించాలి, అప్పుడు గానీ పండినవి అనే గదిలోకి పోదు. ఆ కుట్టే మనిషికి ఫోనులో చెప్పకూడదు, వీడియో పంపకూడదు. కుట్టినాయన కూడా ఏం బట్ట, ఎంతసేపు పట్టింది, ఎక్కడ తేడా కొట్టింది, ఇంతవరకే రాయాలి. థాంక్సులు, దండాలు, సొంత కష్టసుఖాలు రాస్తే చెరిపేస్తారు.

ఇదేం సంఘం, జైలా అన్నాను.

సోమవారం ఒకాయన మా చొక్కా కుడతానని ముందుకొచ్చాడు. పేరు పాతబస్సు. నిజంగానే బస్సు డ్రైవరట. చిరిగిన బస్సు సీట్లకు కుట్లు వేయడం తప్ప ఏమీ రాదట, మిషను పక్కింటివాళ్ళదట. ఆ కింద ఇంకో రెండు లైన్లు రాశాడు. భార్యకి కుడి భుజం ఆపరేషన్ అయింది, శుక్రవారం ఇంటికి పంపుతారు. ఆసుపత్రిలో తనకి ఇంకొకరు బట్ట తొడిగిన ప్రతిసారీ ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంటోంది, ఇంటికొచ్చాక నా బట్ట నేనే తొడుక్కుంటాను అంటోంది. ఇదీ సంగతి. మేం చదవడం, సూదిబెజ్జం ఆ రెండు లైన్లూ చెరిపేయడం ఒకేసారి జరిగాయి.

అక్క కత్తెర కింద పెట్టేసింది. నేనే కుట్టి పంపిస్తాను, ఊరు అడుగు అంది. ఏ ఊరికైనా పార్సిలు చేరడానికి వారం పడుతుంది, శుక్రవారానికి నాలుగు రోజులే ఉన్నాయి. పోనీ ఫోన్ నంబరు పెట్టు, ఐదు నిమిషాల్లో చెప్పేస్తాను అంది. పెట్టాను. నిమిషంలో పోయింది. దాని చోట సూదిబెజ్జం జవాబు ఉంది. ఫోనులో మీరు ఆయనకి చెబుతారు, ఆయన తర్వాత వచ్చేవాళ్ళకి ఎవరు చెబుతారు అని.

వాణ్ణి కడిగిపారేద్దామని నేను నాలుగు లైన్లు టైపు చేశాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. ముందు బట్ట సంగతి చూడు, తర్వాత పోట్లాడుదువు గాని అంది.

మంగళవారం డ్రైవరు ఫొటో పెట్టాడు. దేవుడా, అది చొక్కా కాదు. అంచులన్నీ మడిచి కుట్టేయాలి అన్నాం కదా, పాపం అన్నీ కుట్టేశాడు. చేతి చివర మూసుకుపోయి దిండు గలీబులా ఉంది. ముందు ముక్కలు రెండు కత్తిరించాలి అన్నాం, బట్ట తిరగేసి రెండోది కత్తిరించాలని అనలేదు, ఆయన రెండూ ఎడమవే కత్తిరించాడు. కుట్లన్నీ బయటికే ఉన్నాయి. కింద మాత్రం చాలా మర్యాదగా రాశాడు, మీరు చెప్పినట్టే చేశాను, మనిషి లోపలికి వెళ్ళే దారి కనపడటం లేదు అని.

నేను పడీపడీ నవ్వాను. అక్క కూడా నవ్వింది, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఆయన తప్పు ఒక్కటీ లేదే అంది. ఈ ఇంటికి వచ్చాక ఆవిడ నోట నేను విన్న మొదటి ఓటమి అదే.

ఆ సాయంత్రం నుంచి ఆవిడ చేతుల్ని చూస్తూ నేను, తన చేతుల్ని తానే చూసుకుంటూ ఆవిడ. బట్ట పరిచేముందు ఏం చేశావు అంటే ఏమీ చేయలేదు అంటుంది. అరచేత్తో రెండుసార్లు దులిపింది, అంచు పట్టి లాగి పోగు ఎటు పోతోందో చూసింది, తిరగవైపు పైకి వచ్చేలా పరిచింది. ఇవన్నీ ఆవిడ లెక్కలో ఏమీ చేయకపోవడమే. ఒక్కో పని ఆపి, వేళ్ళు టేపు మీద పెట్టి కొలిచాం. ఆవిడ జానెడు ఎనిమిది అంగుళాలు, ఆవిడ కాస్త ముప్పావంగుళం. ఆ సంగతి తెలిసి ఆవిడే ఆశ్చర్యపోయింది. ఆరు లైన్లు ముప్పై తొమ్మిది మెట్లయ్యాయి. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

పెట్టేముందు ఎవరిమీదైనా ప్రయోగించి చూడాలి కదా. బుధవారం మధ్యాహ్నం బావగారు భోజనానికి వచ్చి దొరికిపోయాడు. బావగారంటే అక్క మొగుడు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు, సూదికీ ఆయనకీ చుక్కెదురు. పాత న్యూస్‌పేపర్లు, కత్తెర, గుండుసూదులు చేతిలో పెట్టి, చిన్నది చదువుతుంది, రాసిందే చెయ్యండి, సొంత బుర్ర వాడకండి అంది అక్క. పెళ్ళయినప్పట్నించీ చేస్తున్నది అదేగా అన్నాడాయన.

గంటన్నరలో పేపరు చొక్కా తయారైంది. నిజం చొక్కాలాగే ఉంది, రెండు చేతులకీ దారులున్నాయి. నేను గెలిచాం అనుకున్నాను. అక్క ఇంకా ఏదో ఆలోచిస్తోంది. మెడలోంచి టేపు తీసి, బావగారి కుడి చేతిని ఒంటికి కట్టేసింది. హాంగరుకు ఉన్న భుజం చొక్కా ఒకటి తీసి ఇచ్చి, ఇప్పుడు మీ అంతట మీరే తొడుక్కోండి అంది.

ఆయన ఎడమ చెయ్యి దూర్చాడు. రెండో పక్కను భుజం మీద వేసుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. నాడాల దగ్గర ఆగిపోయాడు. ఒక కొస పళ్ళతో పట్టాడు, రెండో కొస వేళ్ళతో తిప్పాడు, జారిపోయింది. గడ్డంతో నొక్కిపట్టాడు, మళ్ళీ జారింది. ఒంటిచేత్తో ముడి ఎవరు వేయగలరు? నాకు నవ్వొచ్చింది గానీ అక్క మొహం చూసి మింగేశాను.

ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయింది. చాలా మెల్లగా అంది.

"ఇన్నాళ్ళూ నేను కుట్టింది జబ్బుపడ్డవాళ్ళకి కాదే చిన్నా. పక్కన నిలబడేవాళ్ళకి."

ఎందరికి కుట్టిందో లెక్కలేదు. అందరూ బాగుందనే అన్నారు. బాగుందన్నది కట్టినవాళ్ళు, కట్టించుకున్నవాళ్ళు కాదు.

ఆవిడ ఎక్కువసేపు కూర్చునే మనిషి కాదు. లేచి ఇల్లంతా వెతికి మా పిల్లదాని పాత స్కూలు బూట్లు పట్టుకొచ్చింది. వాటిమీద అతుక్కునే పట్టీ ఉంటుంది చూడండి, గరుకుది ఒకటి మెత్తనిది ఒకటి, అది కోసి నాడాల చోట కుట్టింది. ఈసారి బావగారు ఒంటిచేత్తో మూడు నిమిషాల్లో తొడుక్కుని, నాకు ఇలాంటివి రెండు కుట్టు, గుండీల బాధ తప్పుతుంది అన్నాడు.

గురువారం పొద్దున్నే కొత్త రాత పెట్టాం. పట్టీ దొరక్కపోతే పాత బూటు నుంచి ఎలా కోసుకోవాలో కూడా రాశాం. మెట్లు నలభై ఒకటి అయ్యాయి. సూదిబెజ్జం పావుగంటలో ఒకే ఒక్క ప్రశ్న పెట్టాడు, గరుకు పట్టీ ఏ వైపు ఉండాలి, ఒంటికి తగిలితే గుచ్చుకోదా అని. అక్క నాలిక కరుచుకుంది. పనిమంతుడేనే వీడు అని, గరుకుది లోపలివైపు ఉండే ముక్కకి, గరుకు మొహం బయటికి ఉండేలా అని మార్పించింది. నేను దాచిపెట్టుకున్న నాలుగు తిట్ల లైన్లు అప్పుడే చెరిపేశాను.

శుక్రవారం వచ్చింది, పోయింది. డ్రైవరు దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. శనివారం అక్క కాలరు ఒకటి తలకిందులుగా కుట్టి విప్పుకుంది. అలా జరగడం నేనెప్పుడూ చూడలేదు. చూశావా, చూశావా అని చెవిలో జోరీగలా నన్ను తినేసింది. నేను షాపు కౌంటరులో కూర్చుని ఒకరి కాగితాలు ఒకరికి ఇచ్చి తిట్లు తిన్నాను.

ఆదివారం పొద్దున వచ్చింది. వంటింట్లో ఉన్న ఆవిణ్ణి పిలిచి చదివాను. నియమం ప్రకారం ఎలా రాయాలో అలాగే రాశాడు.

బట్ట: పాత పక్కదుప్పటి.
పట్టిన సమయం: పదకొండు గంటలు.
అర్థంకాని చోటు: లేదు.
తేడా: కుడి చెయ్యి ఒక అంగుళం పొడుగు వచ్చింది. తప్పు నాది.
తొడుక్కోవడం: తొమ్మిది నిమిషాలు. నన్ను గది బయట నిలబెట్టి తలుపు వేసుకుంది.

అక్క ఇంకోసారి చదవమంది. చదివాను. చివరి లైను ఒక్కటీ మళ్ళీ చదవమంది. తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంటూనే ఉంది, ఎప్పుడో ఆరిపోయిన చెయ్యి.

ఆ చివరి లైను సొంత సంగతే కదా, సూదిబెజ్జం కోసేస్తాడని చూశాం. మధ్యాహ్నం దాకా చూశాం. చూస్తుండగానే మా చొక్కా పచ్చివి గదిలోంచి పండినవి గదిలోకి వెళ్ళింది. లైను మాత్రం అలాగే ఉంది.

ఆయనకి ఏదో ఒకటి రాయాలి అంది అక్క. చల్లగా ఉండండి అని రాద్దామా అన్నాను. అది ఉంచరుగా అంది. మెట్లన్నీ మళ్ళీ మొదట్నించి చదివించుకుంది. పంతొమ్మిదో మెట్టు దగ్గర ఆపింది. భుజం నుంచి మణికట్టు దాకా కొలవాలి అని ఉంది అక్కడ. నేను టైపు చెయ్యడానికి సిద్ధమయ్యాను. ఆవిడ ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది.

"తప్పు మీది కాదు. భుజం ఎక్కడ మొదలవుతుందో పంతొమ్మిదో మెట్టులో నేను రాయలేదు. ఇప్పుడు రాశాను."