మలుపు దగ్గర తెల్ల తువ్వాలు

నిన్న పొద్దున కావలిలో ఇడ్లీలు పెడుతుంటే మా అన్న ఫోన్ చేశాడు. "హైమ పోయిందమ్మే. రాత్రి నిద్రలోనే."

స్టవ్ ఆపేసి హైమ మెసేజ్ తెరిచాను.

మొన్న సాయంత్రమే మెసేజ్ పెట్టింది. ఆదివారం రొయ్యల పట్టుబడి ఉంది, పెద్దవి తీసి పెడతా, రమ్మని. వస్తానని రిప్లై ఇచ్చాను. దానికి బ్లూ టిక్ పడలేదు.

ఇక పడదు.

హైమ మా మేనత్త కూతురు, నాకు వదిన. కార్ రేసింగ్‌లో అన్నిటికంటే పెద్ద లెవెల్‌లో, ప్రపంచమంతా టీవీలో చూసే ఆ రేసుల్లో, మన దేశం నుంచి దిగిన మొదటి ఆడమనిషి. దిగింది మూడు రేసులే. అందుకే ఇప్పుడు ఎవరికీ పెద్దగా గుర్తు లేదు.

డ్రైవింగ్ నేర్చుకున్నది విడవలూరు దగ్గర, వాళ్ల నాన్న, మా మామయ్య రొయ్యల గుంటల గట్టు మీద. ఐస్ తెచ్చే వ్యాన్ తోలేది. గట్టు ఒక్క బండికే సరిపోతుంది. మలుపులో తుమ్మచెట్లు అడ్డం, ఎదురుగా ఏం వస్తోందో కనపడదు.

అందుకని నేను తెల్ల తువ్వాలు పట్టుకుని మలుపు దగ్గర నిలబడేదాన్ని. ఊపితే దారి ఖాళీ. ఊపకపోతే ఆగాలి.

ఊపానంటే ఇక యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేది కాదు మహాతల్లి. దుమ్మంతా నా నోట్లోకే.

అక్కణ్ణుంచి చెన్నై ట్రాక్‌కి వెళ్లింది. తర్వాత విదేశాలకు.

మొదటి పెద్ద రేసు రోజు మా వీధంతా మామయ్య ఇంట్లో టీవీ ముందే. కెమెరా ముందున్న కార్లనే చూపిస్తుంది కదా. మా వదిన చివర్లో ఉంది. ఎంతోసేపటికి ఒక్కసారి కనిపించింది. ట్రాక్ పక్కన ఎవరో నీలం జెండా ఊపుతున్నారు.

"చూడండిరా, మన పిల్లకే ఊపతా ఉండారు" అన్నాడు మామయ్య.

ఊపడమంటే మాకు తెలిసిన అర్థం ఒక్కటే. అందరం చప్పట్లు కొట్టాం. మామయ్య స్వీట్లు పంచాడు.

వెనకాల నుంచి వేగంగా వచ్చేవాళ్లకు దారి ఇచ్చి పక్కకు జరగమని చెప్పే జెండా అది.

మూడో రేసు తర్వాత స్పాన్సర్ తప్పుకున్నాడు. సీటు ఇంకొకరికి ఇచ్చారు. వదిన ఇంటికి వచ్చేసింది.

మామయ్య పోయేదాకా టీ అంగట్లో ఆ జెండా కథ చెబుతూనే ఉన్నాడు. ఆమె పక్కనే కూర్చుని వినేది. కాదని ఒక్కసారీ అనలేదు.

ఆ తర్వాత గుంటలు చూసుకుంటూ అక్కడే ఒక్కతే ఉండిపోయింది. కనిపించిన ప్రతివాళ్లూ "ఎన్ని గెలిచినావమ్మే" అనేవాళ్లు. ఆ రేసుల్లో ఎలా ఉండిందని మాత్రం ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఒకరోజు గట్టు మీద కూర్చుని నేను అడిగాను. జెండా సంగతి అప్పుడే చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది.

"అంత జనంలో నాకంటూ ఒక్క మనిషి లేరమ్మే. మలుపు వచ్చినప్పుడల్లా నీ తువ్వాలు కోసం చూసేదాన్ని. అలవాటు పోలా."

నవ్వుతూనే అంది. నాకే ఏడుపు ఆగలేదు.

ఇవాళ పొద్దున ఆమెను వ్యాన్‌లో ఆ గట్టు మీదుగానే తీసుకెళ్లాం. శ్మశానానికి వేరే దారి లేదు.

నేను వ్యాన్ కంటే ముందు నడిచి వెళ్లి మలుపు దగ్గర నిలబడ్డాను. తువ్వాలు ఊపాను.

డ్రైవర్ బండి ఆపేశాడు. ఆగమంటున్నాననుకున్నాడు పాపం.

"ఆపమాకయ్యా, పోనీయ్" అన్నాను.

వ్యాన్ నా పక్కనుంచి వెళ్లింది. దుమ్ము లేచింది. నేను ఊపుతూనే ఉన్నాను.

దారి ఖాళీగా ఉంది వదినా. ఈసారి ఎవరి కోసమూ పక్కకు జరగక్కర్లేదు.

ప్రశాంతంగా వెళ్లు.