తుప్పు పట్టని తీగ

గిటారు నేర్చుకుంటున్న మా మనవరాలు మొన్న పాత తీగలు విప్పి నా ఒళ్లో పడేసింది. "చూడు అమ్మమ్మా, నా చేతుల చెమటకు అప్పుడే తుప్పు పట్టినయి" అంది. వాటిని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇనుమూ చెమటా కలిసిన ఆ పుల్లటి వాసనకు, నకిరేకల్ పక్క పల్లెలో మా ఇల్లూ, నడింట్లో మేకుకు వేలాడే మా నాయిన ఒంటితీగ తంబురా కళ్లముందుకొచ్చాయి.

నాయిన పగలంతా బావి మీద మోట కొట్టి, సాయంత్రం జొన్నగటుక తిని, అరుగు మీద తంబుర పట్టుకునేవాడు. ఆయన అరచేతులు ఎప్పుడూ తడిగానే ఉండేవి. రజాకార్ల కల్లోలపు రోజులు, దారుల్లో భయం, కొత్త తీగ కోసం నల్గొండ దాకా పోయే ధైర్యం ఎవరికీ లేదు. అందుకే పాట ఆగగానే అమ్మ పాతచీర పేలికతో తీగను ఈ కొస నుంచి ఆ కొస దాకా, కింది వైపు కూడా తుడిచేది. "చెమటల ఉప్పుంటది బిడ్డా, గదే తీగను తింటది" అనేది. ఆ తర్వాత నువ్వులనూనె చుక్కతో ఒకసారి రుద్ది, నూనె నిలిస్తే దుమ్ము పడుతుందని మళ్లీ పొడిబట్టతో తుడిచేది. వానకాలం చెమ్మ తగలకుండా తంబురను పొయ్యి వెనక గోడకు మార్చేది.

సీతాఫలాలు గడ్డిలో మగ్గుతూ, తంగేడుపూల కోసం మేం చెలకలన్నీ తిరిగే కాలంలో పోలీసు యాక్షన్ అయింది. నిజాం రాజ్యం పోయింది, ఇక చల్లగా బతకొచ్చనుకున్నారు. కానీ దొరల మీద తిరగబడ్డ సంఘంలో తిరిగినవాళ్ల కోసం మిలిటరీ వెతుకులాట మొదలైంది. సంఘం పాటలు పాడిన నాయిన గుట్టలు పట్టిపోయాడు. అమ్మ మాత్రం తీగ తుడవడం మానలేదు.

"ఎవలు వాయిస్తరనే గంతగనం తుడుస్తున్నవు?" అని మా నాయినమ్మ, మేం అవ్వ అని పిలిచే ఆమె, విసుక్కునేది.

"వచ్చినంక ఆయినే వాయిస్తడు" అనేది అమ్మ.

ఒకనాడు పొద్దున్నే, వాకిట్లో గచ్చకాయలాడుతున్న మమ్మల్ని పక్కకు నెట్టి జవాన్లు ఇంట్లోకొచ్చారు. గరిసెలోని గింజలు కుమ్మరించారు, కుండలు పగలగొట్టారు. వాళ్లలో ఒకడు తంబుర దించి తీగ మీద వేలితో రాసి, తుప్పు అంటని ఆ వేలిని వెంట వచ్చిన ఊరి పటేలుకు చూపించి హిందీలో ఏదో అన్నాడు. పటేలు అమ్మవైపు తిరిగాడు.

"మొగడు రానిదే గీ తీగ గింత మెరుపెట్లుంటదే? ఎప్పుడొచ్చి పోతాండు?"

"ఆయిన రాలే పటేలా. నేనే తుడుస్తున్న."

"వాయించనిదాన్ని ఎవలన్న తుడుస్తరా?"

అమ్మను క్యాంపుకు తీసుకుపోయారు. కొంగు పట్టుకుని ఊరి బయటి దాకా ఏడుస్తూ పరుగెత్తాను.

అవ్వ ఇంట్లోకొచ్చి చిప్పలో నీళ్లు పోసి ఉప్పు కలిపింది. ఆ నీళ్లను తీగకు పూస్తూ, "ఆళ్లు మల్లొస్తే గీ తుప్పు జూసన్న నా కోడలిని ఇడువని" అంది. కొద్దిరోజులకే తీగ ఎర్రబడింది.

అమ్మ తిరిగొచ్చేసరికి వీపంతా కమిలిపోయి ఉంది. అవ్వ పసుపు రాస్తుంటే మూలుగైనా వినపడలేదు. కానీ లేచి తంబుర దగ్గరికి పోయి, తుప్పుపట్టిన తీగను చూసి, గోడకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ తర్వాత నాయిన దొరికిపోయి, జైలు నుంచి బక్కచిక్కి వచ్చాడు. శ్రుతి చేద్దామని తంబుర బిర్ర తిప్పగానే తీగ పుటుక్కున తెగింది. అవ్వ జరిగిందంతా చెప్పింది. నాయిన తంబురను గోడకు ఆనించాడు.

"ఇగ పాడ" అన్నాడు.

"నేను దెబ్బలు తిన్నది నువ్వు మూగపోతందుకా?" అంది అమ్మ. "తీగ లేకుంటే ఏమాయె, గొంతు లేదా? పాడు."

నాయిన పాత సంఘం పాటొకటి పాడాడు. రెండో చరణం సగంలో ఆపి లేచిపోయాడు. ఆ పాటను మళ్లీ ఎప్పుడూ ఎత్తుకోలేదు.

మా ఇల్లున్న జాగాలోంచి ఇప్పుడు వెడల్పాటి రోడ్డు పోతోంది. నాయినతో గొంతు కలిపినవాళ్లూ ఒక్కొక్కరే పోయారు. కిందటేడు ఊరికి పోయి, ఆ పాట మిగతా చరణాలు ఎవరికైనా వస్తాయా అని ఇల్లిల్లూ అడిగాను. ఎవరికీ రావు.