కుందెకు మార్చుకున్న మూకీ

ఆ వార్త మొదట మోసుకొచ్చింది పాలు పోసే మునెమ్మ. ఆ ఉదయం నుంచి ఈనాటి దాకా మోస్తున్న బరువును ఇక్కడ దించుతున్నాను.

"కోడంబాక్కం నించి సినిమావాళ్ల కారు వస్తా ఉండాదమ్మా! మీ అత్తమ్మ పాత బొమ్మ కావాలంట!"

అత్తయ్య పెళ్లికి ముందు నాటకాల్లో పాడేది. ఊరూరా ఆడిన వాళ్ల పద్యనాటకాన్ని ఒకప్పుడు మూకీగా తీశారు. బొమ్మకు మాట లేదు గనుక, తెర మీద తన పెదవులు కదిలినప్పుడల్లా తెర వెనక కూర్చుని తానే పాడేదట. ఆ రీళ్ల పెట్టె మద్రాసు చూలైలోని మా ఇంటి పూజగదిలో ఉండేది. శుక్రవారం దానికీ బొట్టు పెట్టేది. నాకు అక్షరాలు దిద్దించింది, కీర్తనలు నేర్పింది ఆమే. ఆమె చెప్పిన విద్యతోనే ఇది రాస్తున్నాను.

పెట్టెలో రీళ్లు లేవు.

అంతకు ముందే, ఆమె తిరుపతి వెళ్లినప్పుడు, పాతసామాన్లవాడికి వాటిని ఇచ్చి ఇత్తడి దీపపు కుందె తీసుకున్నాను. పెట్టెలో పాత చీరలు కుక్కి తాళం వేశాను. పుల్లటి వాసన వేస్తున్నాయని, దేవుడి పక్కన వేషాలేమిటని సర్దిచెప్పుకున్నాను. అదేనా కారణం? ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఆమె పాటనే మెచ్చుకోవడం నాకు గుచ్చుకునేదా? తప్పు కాదనుకుంటే తాళమెందుకు వేశాను?

కారు వచ్చేసరికి అత్తయ్య స్నానాలగదిలో గొంతు సవరించుకుని పద్యం పాడుకుంటోంది. కారు దిగినవాళ్లు అదే నాటకాన్ని ఇప్పుడు మాటలతో, టాకీగా తీస్తున్నారట. రీళ్లు చూసి, ఆమెచేతనే పద్యాలు పాడిస్తామన్నారు. లోపలికి వస్తే పెట్టె తెరవాలి. గడపకు అడ్డంగా నిలబడ్డాను.

"రీళ్లు లేవండీ. ఆమెకు గొంతు కూడా పోయింది."

"మరి ఆ పాడేదెవరమ్మా?"

"పక్కింటి రేడియో అండీ."

కారు వెళ్లిపోయింది. తడి జుట్టుతో, పట్టుచీరలో అత్తయ్య వచ్చింది.

"వచ్చినారా?"

"వచ్చినారత్తయ్యా. పద్యాలు పాడేదానికి వేరేవాళ్లను పెట్టుకున్నారంట."

కాసేపు వీధిలోకి చూసింది. "పోనీలే. ఈడ దాకా వచ్చి చెప్పినారే, అదే గొప్ప. తాగేదానికి మోరన్నా ఇచ్చినావా?"

ఆ తర్వాత ఆమె పాడగా వినలేదు. పోయేదాకా నా పాత చీరల పెట్టెకు బొట్టు పెట్టింది. ఆ కుందెలో దీపం ఇంకా నేనే వెలిగిస్తున్నాను. మానేస్తే ఎందుకని అడుగుతారు. వెలిగిస్తే ఆ వెలుగులో పెట్టె కనబడుతుంది.

నన్ను క్షమించమని అడగను. ఇన్నాళ్లకు నిజం చెప్పగలిగాను, దేవుడి దయ. మీరు ఒక్కరిని గుర్తుంచుకోండి. ఆమె పేరు అలమేలు. ఆ రోజు పాడింది రేడియో కాదు.