రెండో తుమ్ము

మా అత్తగారు మనవరాలికి అఆలు నేర్పలేదు గానీ తుమ్ముల శాస్త్రం మాత్రం క్షుణ్ణంగా నేర్పింది. ఒంటి తుమ్ము వినబడితే బయల్దేరినవాళ్లు ఆగాలి, కూర్చోవాలి, గుక్కెడు మంచినీళ్లు తాగాలి, ఆ తర్వాతే లేవాలి. వెంటనే రెండో తుమ్ము పడితే దోషం లేదు, వెళ్లొచ్చు. మాకిది ఆచారం. వీలైతే పాటిస్తాం, బస్సు కదిలిపోతుంటే మరిచిపోతాం. మా పిల్లకు మాత్రం ఇది రాజ్యాంగం.

పిల్లకు ఆటిజం అని గుంటూరు డాక్టరు చెప్పాడు. చుట్టాలకు ఆ మాట నోరు తిరగలేదు. వస నాకించండి, గలగలా మాట్లాడుతుంది అన్నారు. మీ అందరికీ చిన్నప్పుడు ఆ వసేదో కాస్త తగ్గించి నాకించి ఉంటే బాగుండేదని నేను పైకే అన్నాను. అప్పట్నుంచి ఆ వైపు రాకపోకలు తగ్గాయి. నాకేం బాధ లేదు.

పర్చూరు దగ్గర మా ఊరి గవర్నమెంటు బడిలో ఒకటో తరగతిలో చేర్చాం. హెడ్‌మేడం ముందే చెప్పారు. "వేసవి సెలవులదాకా చూద్దామమ్మా. మిగతా తల్లిదండ్రులు గొడవ చెయ్యకపోతే సరే. లేదంటే గుంటూరులో ప్రత్యేక బడి ఉంది." గుంటూరంటే నేనూ పిల్లా అక్కడ అద్దె గదిలో, మా ఆయన ఇక్కడ మిరపచేలో. అలా పంపించకూడదని చట్టం ఉందని నాకు తెలుసు. చట్టం చూపించి బడిలో కూర్చోబెట్టొచ్చు. పక్కన కూర్చునే స్నేహితుల్ని ఆ చట్టం తెచ్చిపెట్టదు కదా.

చలి తగ్గేదాకా బాగానే గడిచింది. తర్వాత బడి గోడ పక్కనే కల్లంలో మిరపకాయలు ఆరబోశారు. గాలి తిరిగిందంటే తరగతి తరగతంతా తుమ్ములే. మేడం "రెండు ఒకట్లు" అనగానే ఎవరో ఒకరు తుమ్మేవారు. మా పిల్ల లేచి "ఆగాలి" అనేది. ఎక్కం మొదలుపెట్టడం కూడా దాని దృష్టిలో బయల్దేరడమే. వినకపోతే చెవులు మూసుకుని కప్పు లేచిపోయేలా అరిచేది. అందుకని అందరూ సీసాలు తీసి తాగేవాళ్లు. తాగిన నీళ్లు ఊరుకుంటాయా? కాసేపటికి అందరూ ఒంటేలుకి వరస కట్టేవాళ్లు. రెండో ఎక్కం పూర్తయ్యేసరికి అన్నం గంట కొట్టేవారు.

దీనికి ఉపాయం కనిపెట్టింది పిల్లలే. ఒకరు తుమ్మితే పక్కవాళ్లు రెండో తుమ్ము తుమ్మేయడం. రాకపోతే చొక్కా అంచు మెలిపెట్టి ముక్కులో పెట్టుకునేవాళ్లు. ఉత్తుత్తి తుమ్ములకు మా పిల్ల ఒప్పుకునేది కాదు, అసలు సరుకే కావాలి. ఆ సంగతి విన్న రోజు నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మా పిల్ల కోసం ఎవరో అంత కష్టపడి తుమ్ముతున్నారంటే నాకు సంతోషం ఆగలేదు.

సెలవుల ముందు తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. మేమంతా వరండాలో, పిల్లలు మా ఎదురుగా నేల మీద. మా పిల్ల పక్కన కూర్చునే అమ్మాయి తండ్రి, మిరప వ్యాపారం చేసే ఆయన, లేచి నిలబడ్డాడు.

"మేడం గారూ, ఆ పిల్ల మీద నాకేం కోపం లేదండీ. కానీ మా ఇంట్లో వాళ్ల నాయనమ్మ తుమ్మితే చాలు, మా అమ్మాయి అన్నం ముందు కూర్చుని గౌను అంచు ముక్కులో దూర్చుకుంటంది. ఎట్టాగండీ ఇట్టా అయితే? ఆ పిల్లని గుంటూరు పంపిస్తే..."

సరిగ్గా అప్పుడే ఆయన తుమ్మాడు. ఒక్కటే.

వరండా అంతా బిగుసుకుపోయింది, ఇలాంటివి నమ్మం అని చెప్పుకునేవాళ్లతో సహా. పంపించే మాట మధ్యలో ఒంటి తుమ్ము. "కూర్చోవయ్యా, కూర్చో" అన్నారు వెనకనుంచి ఎవరో. "ఆగాలి" అంది మా పిల్ల.

ఇంట్లో అలవాటైన ప్రాణం కదా, ఆయన రెండో తుమ్ము కోసం పిల్లలవైపు చూశాడు. ఒక్కరూ తుమ్మలేదు. కల్లం మీదినుంచి ఘాటు గుప్పుమని కొడుతోంది. పిల్లలందరూ ముక్కులు గట్టిగా మూసుకుని ఉన్నారు. బుగ్గలు ఉబ్బి, మొహాలు కందిపోయాయి. ఒకడికి గుడ్లు బయటికొచ్చేలా ఉన్నాయి. ఆయన కూతురైతే రెండు చేతులతో మూసుకుంది.

"నువ్వెందుకే మూసుకున్నావు? ఇంట్లో నేను దగ్గినా తుమ్ముతావుగా."

"ఇప్పుడు తుమ్మితే తను వెళ్లిపోవాలిగా నాన్నా" అంది ఆ పిల్ల, ముక్కు వదలకుండానే.

ఆయన కూర్చుని నీళ్లు తాగాడు. మళ్లీ లేవలేదు. హెడ్‌మేడం పిల్లల ముక్కులవైపు చూసి, నావైపు తిరిగి, "జూన్‌లో రెండో తరగతికి పంపండమ్మా" అన్నారు. నేను అందరి ముందూ, సిగ్గూ ఎగ్గూ లేకుండా ఏడ్చేశాను.