శెనక్కాయల సీమలో శెనక్కాయల అంగడి

ఊరూరా వేరుశెనగ పండే అనంతపురం జిల్లా పిల్లలకు శెనక్కాయలు అమ్మబోయిన మహానుభావుడు ఒకడున్నాడు. అది నేనే. సముద్రం ఒడ్డున ఉప్పునీళ్లు అమ్మేవాడు కూడా నన్ను చూస్తే జాలిపడతాడు. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ పూట ఒక మనిషి బతుకుతెరువు నా నోటిదూల మీద వేలాడింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వజ్రకరూరు వైపు ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరాను. అనంతపురంలో బట్టల అంగడి ఇంట పుట్టినవాణ్ణి. చేను అంటే బస్సు కిటికీలోంచి కనబడేది అని మాత్రమే తెలుసు. బడి గేటు పక్కన రేకుల కింద ఓబులమ్మ అంగడి ఉండేది. ఎర్ర ఐసు, పచ్చ ఐసు, రంగునీళ్ల సీసాలు, నూనె కారే పొట్లాలు. మధ్యాహ్నం పిల్లలు నోరు తెరిస్తే ఒక్కొక్క నాలుకా హోలీ ఆడి వచ్చినట్టుండేది.

నేను ఊరుకుంటానా? ప్రార్థనలో ఉపన్యాసం దంచాను. ఐసు బదులు ఉడకబెట్టిన శెనక్కాయలు, రంగునీళ్ల బదులు బెల్లం కలిపిన శెనగుండలు అన్నాను. ఆ జాగా మీద ఎప్పటినుంచో కన్నేసిన హెడ్మాస్టరు గారు వెంటనే ఒప్పుకున్నారు.

"అట్లే మార్పించప్పా. సోమవారం ఇంటర్వెల్‌కు నేనే వచ్చి చూస్తా. పిల్లోళ్లు కొనకపోతే రేకులు పీకించి సైకిళ్లు పెట్టిస్తా."

ఓబులమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "నీకేమి సారూ, వాన రాకపోయినా జీతమొస్తాది. నాకు ఈ అంగడే చేను, ఈ అంగడే వాన" అంది. నాదే పూచీ అన్నాను. ఆ వయసులో పూచీలు నా దగ్గర దండిగా ఉండేవి.

సోమవారం గంట కొట్టారు. పెద్ద గంపలో శెనక్కాయలు పొగలు కక్కుతున్నాయి. పిల్లలు ఉరికొచ్చారు, గంపలోకి తొంగిచూశారు, శవాన్ని చూసినట్టు వెనక్కి తగ్గారు. ఒక్కరూ కొనలేదు. వరండా చివర హెడ్మాస్టరు గారి చెప్పుల చప్పుడు మొదలైంది.

అప్పుడు ఏడో తరగతి రామాంజినమ్మ ముందుకొచ్చి, లంగా ఒడిలోంచి గుప్పెడు పచ్చి శెనక్కాయలు తీసి బల్ల మీద పోసింది.

"ఏందమ్మా ఇది?"

"దుడ్లు సార్."

నేను ఓబులమ్మ వైపు తిరిగాను. ఆమె గొంతు తగ్గించి చెప్పింది. "కోసిన చేలల్లో ఏరుకున్న కాయలు సారూ. పిల్లోళ్ల తాన దుడ్లు యాడుంటాయి? ఇవే ఇచ్చి ఐసు తింటాండిరి. నేను గానుగకు అమ్ముకుంటాంటి. ఇప్పుడు శెనక్కాయలిచ్చి శెనక్కాయలు తినమంటే ఎవురు తింటారు?"

రామాంజినమ్మ నన్ను ఓదార్చింది. "మా ఇంట్లో మూటలుండాయి సార్. మీకు కావల్లంటే తెస్తా."

చెప్పుల చప్పుడు దగ్గరైంది. నా మెదడు ఎండిన బోరుబావిలా గాలి తప్ప ఏమీ కక్కడం లేదు. ఓబులమ్మ రేకుల వైపు చూస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది. చేతులు ఎటు పెట్టాలో తెలియక నా సంచిలోకి పోనిచ్చాను. మా అమ్మ పొద్దున అనంతపురంలో బస్సెక్కేముందు బలవంతంగా వేసిన జామకాయలు తగిలాయి. ఓబులమ్మ కత్తి లాక్కుని ఒకదాన్ని నాలుగు చీలికలు చేసి ఉప్పూకారం చల్లాను. బోర్లలో నీళ్లు లేని ఆ ఊళ్లో జామచెట్టు ఎక్కడిది? రామాంజినమ్మ ఒక చీలిక నోట్లో పెట్టుకుని, గుప్పెడు శెనక్కాయలు నా వైపు తోసి, ఇంకోటి అడిగింది. వెనక బారు కట్టింది బడి మొత్తం.

హెడ్మాస్టరు గారు ఆ బారు చూసి, మొహం మాడ్చుకుని, "రేపు కూడా ఇట్లే ఉండల్ల" అన్నారు.

ఉండింది. ఎందుకుండదు? మరునాటి నుంచి అనంతపురం మార్కెట్లో జామకాయలు కొని, గోనెసంచి భుజాన వేసుకుని, బస్సెక్కింది నేనేగా! కండక్టరు లగేజీ టికెట్ కొట్టేవాడు. డ్రైవరు ఒక కాయ ఇస్తే తప్ప బస్సు కదిలించేవాడు కాదు. ఓబులమ్మ అంగడి నిలబడింది, నా భుజం ఒక పక్కకు వంగిపోయింది.

ఆ రోజుల్లోనే నన్ను చూడటానికి సంబంధం వాళ్లు వచ్చారు. బస్టాండులో నన్ను ముందే చూశారట. మా నాయన పక్కన కూర్చుని పిల్ల మేనమామ మర్యాదగా అడిగాడు. "అబ్బాయి యాపారం బాగుండాది, మేమే చూసినాము. అది కాకుండా ఇంకేమన్నా ఉద్యోగం చేస్తాడా?"

ఆ క్షణాన మా ఇంటి గడప తాకి ఒట్టు పెట్టుకున్నాను. లోకానికి మేలు చేసే ఆలోచన ఎంత గొప్పది తట్టినా సరే, మూట మోసే మనిషి దొరికేదాకా నోరు విప్పను గాక విప్పను.